బొట్టు, ప్రసాదం, మావయ్య డయాలసిస్: ఒక కోడలి ఉత్తరానికి జవాబు

ప్రశ్న

అమ్మా, మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక పల్లె. పెళ్లయి ఆరేళ్లు. బాబుకి ఒంట్లో బాగోలేనప్పుడు పక్కింటి అక్క నన్ను ప్రార్థనకు తీసుకెళ్లింది. అలా యేసయ్యను నమ్ముకున్నాను, కిందటేడు బాప్తిస్మం తీసుకున్నాను. మా ఆయన విశాఖపట్నంలో వెల్డింగ్ పని చేస్తారు, నెలకోసారి వస్తారు. నీ నమ్మకం నీ ఇష్టం అన్నారు. గొడవంతా అత్తామామలతోనే. సంఘంలో చెప్పారని బొట్టు, పూలు, గాజులు తీసేశాను. "నా కొడుకు బతికుండగా బొట్టు చెరుపుకుంటావేటే" అని అత్త ఏడ్చింది. అమ్మవారి ప్రసాదం పెడితే విగ్రహాలకు పెట్టింది తినకూడదని పక్కకు నెట్టేశాను. మాఘమాసంలో ఒక ఆదివారం అరసవల్లి వెళ్లడం ఆవిడకు అలవాటు. మోకాళ్ల నొప్పులు, తోడు రమ్మంది. ఆదివారం ఆరాధన మానను, గుడికి రాను అన్నాను. మావయ్యకు కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉన్నారు. రక్షణ లేకుండానే పోతారేమోనని నాకు ఒకటే టెన్షన్. "విగ్రహాలు వదిలితే గానీ దేవుడు బాగుచేయడు" అని చెప్పాను. "నానేటి పాపం చేసినానమ్మా, ఈ ఊరి నీళ్లు తాగినాను, అంతే కదా" అన్నారు. అప్పటినుంచి నాతో మాటల్లేవు. చెప్పడం మానేస్తే ఆయన రక్తాపరాధం నా మీదే ఉంటుందని మా పాస్టరు గారు అంటున్నారు. మా ఆయన పంపే డబ్బులో దశమభాగం, అంటే పదో వంతు, కూడా ఎవరికీ తెలియకుండా సంఘానికి తప్పకుండా ఇస్తున్నాను. అన్ని ఆజ్ఞలూ పాటిస్తున్నాను, ఇంట్లో ప్రేమ మాత్రం లేకుండా పోయింది. దేవుని ఆజ్ఞ పట్టుకోవాలా, ఇంటివాళ్ల ప్రేమ చూసుకోవాలా?

జవాబు

అమ్మా, నువ్వు అడిగిన వరసలో కాకుండా మీ మావయ్య దగ్గర మొదలుపెడతాను. బొట్టూ ప్రసాదమూ అరసవల్లీ కొంచెం ఆగినా ఫరవాలేదు. వారం వారం మిషన్ మీద పడుకుని లేచే మనిషి సంగతి ఆగేది కాదు.

మీది ఉద్దానం. ఇచ్ఛాపురం నుంచి కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస దాకా ఏ ఊళ్లో అడిగినా కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ల పేర్లు చెబుతారు. ఏళ్ల తరబడి పరిశోధనలు జరుగుతున్నాయి. నీళ్లన్నారు, నేలన్నారు, ఎండలో పనన్నారు, నొప్పి బిళ్లలన్నారు. ఇదీ కారణం అని వైద్యులు ఖాయంగా తేల్చింది లేదు. అంతమంది చదువుకున్నవాళ్లకు తేలని దాన్ని నువ్వు మంచం పక్కన నిలబడి ఒక్క మాటలో తేల్చేశావు. ఆ జబ్బు గుడికి వెళ్లే ఇంటినీ చర్చికి వెళ్లే ఇంటినీ వేరుగా చూడలేదు. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో డయాలసిస్‌కు వెళ్లే విశ్వాసులు ఉండే ఉంటారు. వాళ్లలో ఒకరిని పట్టుకుని ఇదే మాట అనగలవా?

ఈ ప్రశ్న ప్రభువు ముందుకే వచ్చింది. యోహాను సువార్త 9వ అధ్యాయం మళ్లీ ఒకసారి తీసి చదువు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు, పాపం చేసింది ఇతనా, ఇతని తల్లిదండ్రులా అని అడిగారు. ఇతనూ కాదు, వాళ్లూ కాదు అన్నాడాయన. ఉమ్మితో బురద చేసి ఆ కళ్లకు పూశాడు, సిలోయం కోనేటికి వెళ్లి కడుక్కోమన్నాడు. చూపు వచ్చేదాకా "నువ్వు నమ్ముతున్నావా" అని అడగలేదు. ఆ మాట 35వ వచనంలో గానీ రాదు. అప్పటికి అతనికి చూపు వచ్చింది, దాని గురించి గొడవ జరిగింది, మతపెద్దలు అతన్ని బయటికి గెంటేశారు. అప్పుడు ప్రభువు అతన్ని వెతుక్కుంటూ వెళ్లి అడిగాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది నాకు చాలా బరువైన సంగతి. విగ్రహాలు వదిలితే బాగవుతుందని దేవుని పేరుమీద నువ్వు మాట ఇచ్చేశావు. రేపు ఆయన నిజంగానే నమ్మి, కిడ్నీలు మాత్రం అలాగే ఉంటే? అప్పుడు ఆయనకు ఏం చెబుతావు, విశ్వాసం చాల్లేదనా? పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. నా కృప నీకు చాలు అన్న జవాబే వచ్చింది. త్రోఫిమును మిలేతులో జబ్బుగా ఉండగానే విడిచి వచ్చానని తిమోతికి రాసిన ఉత్తరంలో ఉంది. అపొస్తలుడి వెంట తిరిగినవాడికే తగ్గలేదు. మావయ్య కోసం ప్రార్థన చెయ్యి, స్వస్థత అడుగు, ఎంతైనా అడుగు. దాన్ని బేరం మాత్రం చేయకు.

కాబట్టి ముందు చేయాల్సింది ఇది. ఆయన దగ్గరికి వెళ్లి, "మావయ్యా, విగ్రహాలు వదిలితే గానీ దేవుడు మిమ్మల్ని బాగుచేయడని అన్నాను. అది దేవుడు చెప్పింది కాదు, నేను అన్నాను. తప్పయింది, మనసులో పెట్టుకోకండి" అను. అక్కడితో ఆపెయ్. దాని వెనక వాక్యం తగిలించకు. ఆ పూటే ఆయన మాట్లాడాలని చూడకు. కొన్ని రోజులు పట్టొచ్చు, కొన్ని నెలలూ పట్టొచ్చు.

ఆ తర్వాతదంతా చేతులతో చేసే పనే. డయాలసిస్ మనిషి ఇంట్లో ఎంత పని ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు, అయినా చెబుతాను, ఎందుకంటే నీ సాక్ష్యం ఉండాల్సింది అక్కడే అని నా నమ్మకం. రోజుకు ఇన్ని నీళ్లే అని డాక్టరు చెప్పిన కొలతను పొద్దున్నే ఒక సీసాలో పోసి పెట్టు. మాత్రలకూ టీకీ అందులోంచే తీస్తే లెక్క తప్పదు, ఆయనకూ ఇంకెంత మిగిలిందో కనబడుతుంది. కూరముక్కలు ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చమంటారు, ఉప్పు తగ్గించమంటారు. డయాలసిస్ సూదుల కోసం ఫిస్టులా పెట్టిన చేతికి బీపీ చూడనివ్వకూడదు, ఆ చేత్తో బిందె ఎత్తనివ్వకూడదు. మీ ఊళ్లో ఎటు చూసినా కొబ్బరిచెట్లే. ఆ తోటల్లోనే బతుకు గడిపిన మనిషికి బొండాం నీళ్లలో పొటాషియం ఎక్కువ, తాగొద్దంటారు. పనసపండూ వద్దంటారు. తన ఇంటి పెరట్లో కాసిన కాయ తను తాగకూడదంటే ఆ మనసు ఎలా ఉంటుందో ఆలోచించు. సోంపేటకు గానీ, 2023 డిసెంబరులో మొదలైన పలాస కిడ్నీ ఆసుపత్రికి గానీ ఆయన వెళ్లే రోజున తోడు వెళ్లు. మిషన్ మీద నాలుగు గంటలు. అయ్యాక కళ్లు తిరుగుతాయి, కాళ్లు పీకుతాయి. ఆ నాలుగు గంటలూ బయట బెంచీ మీద కూర్చుని, మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకోవడం కూడా సువార్తలో భాగమే.

మరి రక్తాపరాధం? మీ పాస్టరు గారు చెప్పింది యెహెజ్కేలు 33లోని కావలివాడి మాట, ఆపద వస్తుంటే బూర ఊది హెచ్చరించకపోతే పోయినవాళ్ల ప్రాణానికి కావలివాడే జవాబుదారీ అన్నది. ఆయన భారంతోనే చెప్పి ఉంటారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ అధ్యాయం పూర్తిగా చదువు. దేవుడు యెహెజ్కేలును కావలి పెట్టింది ఇశ్రాయేలు ఇంటివారికి. దేవుడెవరో, ఆజ్ఞలేమిటో తరతరాలుగా తెలిసి కూడా దారి తప్పినవాళ్లు వాళ్లు. మీ మావయ్యకు ఆ కథే తెలియదు. పోనీ ఆ తేడా పక్కన పెడదాం. హెచ్చరించాక అవతలివాడు వినకపోతే కావలివాడి మీద నింద లేదని అక్కడే రాసి ఉంది. నువ్వు చెప్పావు, ఆయన విన్నారు. ఆ వచనం లెక్కన చూసినా నీ బాకీ తీరిపోయింది. రోజూ ఆయన చెవి దగ్గర బూర ఊదమని అందులో ఎక్కడా లేదు.

మత విశ్వాసాన్ని ఆచరించడానికీ ప్రచారం చేసుకోవడానికీ మన రాజ్యాంగం 25వ అధికరణ హక్కు ఇచ్చింది. ప్రచారం చేసే హక్కు అంటే ఎదుటివాళ్ల మతం మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. కోర్టు సంగతి అలా ఉంచు. ఒంట్లో సత్తువ లేని మనిషి, చటుక్కున లేచి పక్క గదిలోకి పోలేని మనిషి, వినక తప్పని మనిషి. అలాంటివాడి ముందు మాట్లాడేటప్పుడు హక్కు కంటే ముందు మర్యాద గుర్తు రావాలి. మీలో ఉన్న నిరీక్షణ, అంటే ఆశ, గురించి అడిగినవాళ్లకు సాత్వికంతో, భయంతో సమాధానం చెప్పమన్నాడు పేతురు. అడిగినవాళ్లకు అన్నాడు, చూడు. మావయ్య అడిగిన రోజున చెప్పు. "ఎందుకమ్మా నా కోసం ఇంత చేస్తున్నావు" అని ఆయన ఏదో ఒక రోజు అడుగుతారు. ఆ రోజు దాచుకోకుండా, యేసయ్య నీకేం చేశాడో నీ మాటల్లో చెప్పు. ఈలోగా పొయ్యి దగ్గర పాడుకుంటే ఎవరూ కాదనరు. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు దాదాపు రెండు వందల ఏళ్ల కిందట క్రీస్తు మీద కీర్తనలు కట్టినప్పుడు మన రాగాల్లో, మన తాళాల్లో కట్టారు. ఈ గాలికి అలవాటైన పాట కాబట్టే ఇన్ని తరాలు నిలిచింది.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. ఆజ్ఞా, ప్రేమా అని. పది ఆజ్ఞలు నిర్గమకాండం 20లో ఉన్నాయి కదా, మొదటి ఆజ్ఞకు ముందు ఏముందో చూశావా? మిమ్మల్ని ఐగుప్తు దాస్యంలోంచి బయటికి తెచ్చినవాణ్ణి నేనే అని ఉంది. ముందు విడిపించాడు, సముద్రం దాటించాడు, ఎడారిలో అన్నం పెట్టాడు, ఆ తర్వాత సీనాయి దగ్గర ఆజ్ఞ ఇచ్చాడు. బానిసల దగ్గరికి వెళ్లి ఇవన్నీ పాటిస్తేనే విడిపిస్తాను అనలేదు. నీ ఇంట్లో మాత్రం ఈ వరస తిరగబడింది. వాళ్లకు నీ దేవుని ప్రేమ ఇంకా రుచి కూడా తెలియదు, ఆయన ఆజ్ఞలు మాత్రం బొట్టు దగ్గరా ప్రసాదం దగ్గరా రోజూ తగులుతున్నాయి. "ప్రేమ కలిగియుండుట ధర్మశాస్త్రమును నెరవేర్చుటయే" అని రోమా 13లో పౌలు రాశాడు. అత్తను ఏడిపించి, మావయ్యను గాయపరిచి పాటించిన ఆజ్ఞ పాటించినట్టు కాదని నేను అనుకుంటున్నాను. గట్టిగానే అంటున్నాను.

బొట్టుకు వద్దాం. బైబిలులో బొట్టు ప్రస్తావన లేదు. నగలూ అలంకారాల గురించి సంఘంలో చూపించే వచనం సాధారణంగా మొదటి పేతురు 3వ అధ్యాయం, 3వ వచనం. జడలు అల్లుకోవడం, బంగారు నగలు పెట్టుకోవడం, వస్త్రాలు ధరించుకోవడం మీకు అలంకారంగా ఉండకూడదు అని. దాన్ని చట్టంగా చదివితే వస్త్రాలు కూడా వద్దనాలి, అలా ఎవరూ అనరు. ముఖ్యమైనది లోపలి సాధుగుణం అని చెప్పడానికే ఆ మాట. ఆ అధ్యాయం మొదటి వచనం ఎవరి కోసమో చూడు. విశ్వాసం లేని ఇంట్లో ఉన్న విశ్వాసురాలి కోసం. నీ కోసం. భర్తలు వాక్యానికి లోబడకపోతే, "వాక్యము లేకుండనే" భార్యల నడవడి వల్ల రాబట్టబడవచ్చు అంటాడు. అదే అధ్యాయంలో మూడో వచనం పట్టుకుని గాజులు తీశావు, మొదటి వచనం వదిలేసి మావయ్యకు ప్రసంగం చేశావు.

మన సంఘాల్లోనే దీని మీద ఒక్క మాట లేదు. బాప్టిస్టు, లూథరన్ పెళ్లిళ్లలో సిలువ గుర్తున్న తాళి కడతారు. కేథలిక్ ఇళ్లలో బొట్టు పెట్టుకునే ఆడవాళ్లు ఎంతోమంది. కొన్ని పెంతెకొస్తు సంఘాల్లో తాళి కూడా ఉండదు. అందరూ ఆ ఒక్క ప్రభువునే కొలుస్తారు. ఇంతమంది ఇన్ని రకాలుగా చేసేదాన్ని సీనాయి కొండ మీద నుంచి వచ్చిన ఆజ్ఞలా పట్టుకోకు.

మీ అత్త వైపు నుంచి చూడు. ఆవిడకు తెలిసిన లోకంలో ముత్తైదువ నుదుట బొట్టు, చేతి గాజులు పోయేది ఒక్కప్పుడే. నువ్వు అలంకారం తీశాననుకున్నావు. ఆవిడకు కొడుకు చావు కళ్లముందు కనబడింది. ఆ రోజు ఆవిడ ఏడుపులో నీ దేవుడి మీద కోపం కంటే కొడుకు మీద భయమే ఎక్కువ ఉండి ఉంటుంది.

పౌలు చేసిన ఒక పని నీకు ఇక్కడ దారి చూపిస్తుంది. అన్యజనులకు, అంటే యూదులు కాని విశ్వాసులకు, సున్నతి అక్కర్లేదని యెరూషలేములో పెద్దలంతా కూర్చుని తేల్చారు, క్రీస్తుశకం 49 ప్రాంతంలో. అపొస్తలుల కార్యాలు 15లో ఉంది. వెంటనే 16వ అధ్యాయంలో పౌలు తిమోతికి సున్నతి చేయించాడు, ఆ ప్రాంతపు యూదులకు అడ్డుగా ఉండకూడదని. తన వెంట ఉన్న గ్రీకువాడు తీతు విషయంలో మాత్రం, అది ఉంటేనే రక్షణ అన్నట్టు కొందరు పట్టుబట్టినప్పుడు, గడియసేపైనా లొంగలేదని గలతీయులకు రాశాడు. చేసేది ఒకే పని. ఎదుటివాళ్ల కోసం చేయించాడు, చట్టంగా రుద్దితే ఒప్పుకోలేదు. నువ్వు కూడా రేపే గాజులు వేసుకో, పూలు పెట్టుకో. బొట్టు కూడా అత్త మనసు కోసం పెట్టుకోవచ్చు, అందులో దేవునికి అవమానం ఉందని నేను అనుకోను. నీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే, నీదే సుమా, పక్కవాళ్లది కాదు, అప్పుడు పెట్టుకోకు. కానీ అత్త దగ్గర కూర్చుని "అత్తా, మీ అబ్బాయి చల్లగా ఉండాలని రోజూ పేరు పెట్టి ప్రార్థన చేస్తాను, బొట్టు లేనంత మాత్రాన ఆయనకు కీడు కోరినట్టు కాదు" అని చెప్పు. ఇంతవరకూ ఆ మాట ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

ప్రసాదం గురించి ఎక్కువ అక్కర్లేదు. మొదటి కొరింథీ 10లో పౌలు, పెట్టింది ఆరా తీయకుండా తిను, ఇది బలి అర్పించింది అని ఎవరైనా చెబితే మాత్రం తినకు అన్నాడు. అత్త ప్రసాదం అనే పెట్టింది కాబట్టి నువ్వు తినకపోవడంలో తప్పు లేదు, ప్రేమ పేరుతో నమ్మకాన్ని దాచుకోమని నేను చెప్పను. పక్కకు నెట్టడంలో తప్పు ఉంది. రెండు చేతులా అందుకుని, "నేను తినను అత్తా, నా కోసం ఉంచారు, సంతోషం" అంటే చాలు. పండగ రోజు ఆవిడ వండిన మిగతావన్నీ కడుపునిండా తిను, ఏది ముందు ఎక్కడ పెట్టారని అడగకు.

అరసవల్లికి తోడు వెళ్లు. సిరియా సేనాధిపతి నయమాను దేవుణ్ణి తెలుసుకున్నాక ఎలీషాను అడిగింది ఇదే. నా రాజు రిమ్మోను గుడికి నా చేతి మీద ఆనుకుని వెళతాడు, అక్కడ నేనూ వంగాల్సి వస్తుంది, యెహోవా నన్ను క్షమించాలి అన్నాడు. ఎలీషా అతన్ని తిట్టలేదు, మనశ్శాంతితో వెళ్లిరమ్మన్నాడు. రెండో రాజులు 5లో ఉంది. మీ అత్తకూ ఆనుకోవడానికి ఒక చెయ్యి కావాలి. సోంపేటలో రైలెక్కించి, ఆమదాలవలసలో దించి, క్యూలో పక్కన నిలబడు. నువ్వు మొక్కక్కర్లేదు, ఆ సంగతి ముందే ఆవిడకు చెప్పు. ఏడాదికి ఒక్క ఆదివారం. విశ్రాంతిదినాన ఎద్దును విప్పి నీళ్లకు తోలుకెళతారు కదా అని ప్రభువు మందిరపు అధికారిని అడిగాడు, లూకా 13లో. ఆ రాత్రి ఇంటికొచ్చి ప్రార్థన చేసుకో.

చివరిగా నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన దశమభాగం. నాకు అన్నిటికంటే ఇబ్బంది అనిపించింది ఇదే. మార్కు 7లో ప్రభువు కొర్బాను గురించి మాట్లాడాడు. తల్లిదండ్రులకు ఖర్చు పెట్టాల్సింది దేవునికి అర్పించేశాం అని చెప్పి చేతులు దులుపుకునే పద్ధతి అది. మీ పారంపర్యాచారంతో దేవుని వాక్యాన్ని నిరర్థకం చేస్తున్నారని ఆయన మండిపడ్డాడు. తల్లిదండ్రులను సన్మానించమన్నది పది ఆజ్ఞల్లో ఒకటి. నీ భర్త వెల్డింగ్ మిషన్ దగ్గర కళ్లు మండించుకుని సంపాదించి ఇంటికీ తండ్రి మందులకూ పంపిన డబ్బు అది. ఆయనకు చెప్పకుండా అందులోంచి తీసి ఇస్తే, ఎంత భక్తితో ఇచ్చినా, అది నీ కానుక కాదు. మీ ఆయన నీ నమ్మకానికి అడ్డు చెప్పలేదు, ఆయన్ని నమ్మి చెప్పడానికి భయం దేనికి?

ఈసారి ఆయన వచ్చినప్పుడు లెక్క మొత్తం ముందు పెట్టు, ఎప్పటినుంచి ఇస్తున్నావో, ఎంత ఇచ్చావో. కోప్పడితే పడనీ, ఎదురు చెప్పకు. ఇకముందు ఇవ్వాలా, ఎంత ఇవ్వాలి అన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి, మావయ్య మందులకూ ఆసుపత్రి ప్రయాణాలకూ అయ్యే డబ్బు ముందు తీసి పక్కన పెట్టాకే.